వైరు మీద 192.168.1, వైఫై మీద 192.168.0: ఒకే ఇంట్లో రెండు రకాల అడ్రసులు ఎందుకు?

తీగలాగితే
డెస్క్‌టాప్ ఫైబర్ బాక్సుకి కేబుల్‌తో కలిపి ఉంది. అడ్రస్ 192.168.1.7, గేట్‌వే (బయటికి పోవడానికి వాడే రౌటర్) 192.168.1.1. పై గదికి సిగ్నల్ అందక వేరే వైఫై రౌటర్ పెట్టి, బాక్సు నుంచి దానికి ఇంకో కేబుల్ లాగాను. ఆ వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్, ఫోన్లు, ప్రింటర్ అన్నిటికీ 192.168.0 తో మొదలయ్యే అడ్రసులు వస్తున్నాయి. ప్రింటర్‌ది 192.168.0.50. నెట్ రెండువైపులా బాగానే ఉంది. డెస్క్‌టాప్ నుంచి మాత్రం ప్రింటు పోదు, ఆఫ్‌లైన్ అంటుంది. విచిత్రం ఏంటంటే ల్యాప్‌టాప్ నుంచి 192.168.1.7 కి పింగ్ (ఉన్నావా అని అడిగే పలకరింపు) కొడితే జవాబు వస్తోంది. డెస్క్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కి కొడితే టైమవుట్. ప్రింటర్ డ్రైవర్ రెండుసార్లు తీసి మళ్లీ వేశాను. బాక్సు సొంత వైఫై ఆపేసే ఉంచాను. తప్పెక్కడుంది?

చివరిబెంచీ
అత్త మీద కోపం దుత్త మీద చూపించారన్నమాట. డ్రైవర్‌ని వదిలెయ్యండి.

పాతచింతకాయ
పై రౌటర్లో కేబుల్ ఏ పోర్టులో పెట్టారు? వాన్‌లోనా (బయటి నెట్ వచ్చే పోర్టు), ల్యాన్‌లోనా (ఇంట్లోని పరికరాల పోర్టు)? వాన్ పోర్టు సాధారణంగా వేరే రంగులో గానీ, మిగతావాటికి కాస్త ఎడంగా గానీ ఉంటుంది. డెస్క్‌టాప్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ కమాండ్ విండో తెరిచి ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టండి. అందులో "డీహెచ్‌సీపీ సర్వర్" అనే వరస ఉంటుంది. అందరూ ఐపీ అడ్రస్ చూసి ఊరుకుంటారు గానీ, ఆ అడ్రస్ ఎవరు ఇచ్చారో చెప్పేది ఆ వరసే. ల్యాప్‌టాప్ నుంచి ట్రేసర్ట్ 8.8.8.8 కూడా కొట్టి (ప్యాకెట్ ఏయే రౌటర్ల మీదుగా పోతోందో చూపిస్తుంది) మొదటి మూడు వరసలు ఇక్కడ పెట్టండి.

తీగలాగితే
కేబుల్ నీలం రంగు పోర్టులో ఉంది, దాని మీద వాన్ అనే రాసుంది. డెస్క్‌టాప్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ 192.168.1.1. ల్యాప్‌టాప్‌లో 192.168.0.1. ట్రేసర్ట్‌లో మొదటిది 192.168.0.1, రెండోది 192.168.1.1, మూడోది 100.72 తో మొదలవుతోంది.

లూప్‌బ్యాక్127
రోగం దొరికింది. రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి, రెండూ రౌటర్ పనే చేస్తున్నాయి. బాక్సు 192.168.1 వీధికి అడ్రసులు పంచుతోంది, పై రౌటర్ తనకంటూ 192.168.0 అని ఇంకో వీధి పెట్టుకుంది. డబుల్ నాట్ అంటారు దీన్ని. నాట్ అంటే లోపలివాళ్ల అడ్రస్ బదులు రౌటర్ తన అడ్రస్ పెట్టి బయటికి పంపడం.

పింగ్ ఒకవైపే ఎందుకు పోతోందంటే: ల్యాప్‌టాప్ పంపిన ప్యాకెట్ పై రౌటర్ దాటేటప్పుడు, పంపినవాడి అడ్రస్ తీసేసి రౌటర్ తన వాన్ అడ్రస్ పెడుతుంది. 192.168.1.3 అనుకుందాం. డెస్క్‌టాప్‌కి కనిపించేది 1.3 మాత్రమే, అంటే తన వీధివాడే. కాబట్టి జవాబిస్తుంది. అటునుంచి ఇటు అయితే, డెస్క్‌టాప్‌కి 192.168.0.50 తన వీధి కాదు గనక గేట్‌వేకి ఇస్తుంది. ఫైబర్ బాక్సుకి 192.168.0 అనే వీధి పై రౌటర్ వెనక ఉందని తెలియదు. తెలియని అడ్రసులన్నీ పోయే దారిలోనే, అంటే బయటి నెట్ వైపు తోసేస్తుంది. అక్కడ ఎవరో ఒకరు పారేస్తారు. అదే మీ టైమవుట్.

నెట్‌పిచ్చి
ఇంత కథ ఎందుకు? అన్నిట్లోనూ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 బదులు 255.255.0.0 పెట్టెయ్యండి. 192.168 తో మొదలయ్యేవన్నీ ఒకటైపోతాయి.

లూప్‌బ్యాక్127
కావు. మాస్క్ మార్చితే డెస్క్‌టాప్ "0.50 నా వీధిలోనే ఉన్నాడు" అనుకుంటుంది, అంతే. అనుకున్నాక ఏం చేస్తుంది? గేట్‌వేకి ఇవ్వకుండా నేరుగా తీగ మీద "0.50 ఎవరు?" అని ఏఆర్‌పీ కేక వేస్తుంది. ఆ కేక రౌటర్ వాన్ పోర్టు దగ్గరే ఆగిపోతుంది, బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వేసే కేక) రౌటర్ దాటదు. మాస్క్ అనేది అనుకోవడానికి గీసుకున్న గీత, మధ్యలో ఉన్న గోడని అది కూల్చదు.

నెట్‌పిచ్చి
సరే, ఒప్పుకున్నా. మరి స్టాటిక్ రూట్? బాక్సులో "192.168.0.0, మాస్క్ 255.255.255.0, వయా 192.168.1.3" అని ఒక వరస రాస్తే దారి తెలుస్తుంది కదా.

పాతచింతకాయ
దారి తెలుస్తుంది, తలుపు తెరుచుకోదు. పై రౌటర్ ఫైర్‌వాల్ వాన్ వైపు నుంచి అడగకుండా వచ్చేదాన్ని ఆపేస్తుంది. కాబట్టి అందులో నాట్‌నీ ఫైర్‌వాల్‌నీ ఆపాలి. చాలా ఇంటి రౌటర్లలో ఆ మీట ఉండదు. ఉన్నా ఇంకో మెలిక: నాట్ ఆపాక ల్యాప్‌టాప్ అసలు అడ్రస్ 192.168.0 తోనే డెస్క్‌టాప్ దగ్గరికి వస్తుంది. విండోస్ ఫైర్‌వాల్‌లో ఫైల్ షేరింగ్, పింగ్ నియమాలు ప్రైవేట్ ప్రొఫైల్‌లో "లోకల్ సబ్‌నెట్" వరకే అనుమతిస్తాయి. అంటే ఇప్పుడు పోతున్న పింగ్ కూడా ఆగిపోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి.

గుడ్లగూబ_64
ఒక్క ప్రింటే కావాలంటే ఇంకో అడ్డదారి: పై రౌటర్లో పోర్ట్ ఫార్వర్డ్ పెట్టి టీసీపీ 9100 ని (ప్రింటర్ ప్రింటు పని అందుకునే పోర్టు) 192.168.0.50 కి మళ్లించండి. డెస్క్‌టాప్‌లో ప్రింటర్‌ని 192.168.1.3 అని కలపండి. ప్రింటు పడుతుంది.

ఆర్‌జే45
ప్రింటు పడుతుంది, స్కానర్ దొరకదు. ఇంకు ఎంతుందో కనిపించదు. బాక్సు ఏదో ఒక రోజు 1.3 బదులు 1.8 ఇచ్చిందంటే ప్రింటూ ఆగుతుంది. అడ్డదారులు వద్దు. పై రౌటర్‌ని రౌటర్ పని మానిపించి ఉత్త యాక్సెస్ పాయింట్‌గా (వైఫై మాత్రమే ఇచ్చేదిగా) మార్చండి, ఏడెనిమిది నిమిషాల పని.

సెట్టింగుల్లో "ఆపరేషన్ మోడ్" లాంటిది ఉందేమో ముందు చూడండి. "యాక్సెస్ పాయింట్" అని కనిపిస్తే అదే ఎంచుకుని సేవ్ చెయ్యండి, కేబుల్ వాన్ పోర్టులోనే ఉండనివ్వండి, అది కూడా ల్యాన్‌లో కలిసిపోతుంది. ఆ మోడ్ లేకపోతే చేత్తో చెయ్యాలి: డీహెచ్‌సీపీ ఆపడం, రౌటర్ ల్యాన్ అడ్రస్ మార్చడం, కేబుల్ వాన్ నుంచి ల్యాన్‌కి మార్చడం. మూడూ చెయ్యాలి. రెండు చేసి ఆపితే ఇప్పటికన్నా ఘోరం.

నిశాచరి
అసలు ఫైబర్ బాక్సునే బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ని నేరుగా అందించేలా) పెట్టి పై రౌటర్‌కి పెత్తనం ఇవ్వచ్చుగా? మంచి రౌటర్ కొనుక్కుని దాన్ని యాక్సెస్ పాయింట్ చెయ్యడం అన్యాయం.

పాతచింతకాయ
చెయ్యచ్చు, కానీ ఈ ఇంట్లో కుదరదు. డెస్క్‌టాప్ బాక్సుకి నేరుగా కలిపి ఉంది. బ్రిడ్జ్ చేస్తే బాక్సు అడ్రసులు పంచడం మానేస్తుంది, డెస్క్‌టాప్ గాల్లో ఉంటుంది. అప్పుడు పై రౌటర్ నుంచి డెస్క్‌టాప్‌కి ఇంకో కేబుల్ కిందికి దించాలి. పైగా ల్యాండ్‌లైన్ ఫోను బాక్సులో నుంచే వస్తుంటే కొన్ని బాక్సుల్లో బ్రిడ్జ్ చేయగానే అది ఆగిపోతుంది. నెట్ కంపెనీ లాగిన్‌కి వాడే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు చేతిలో లేకుండా ఆ మీట ముట్టుకోకూడదు.

నిశాచరి
కేబుల్ సంగతి గమనించలేదు. ఈ కేసులో యాక్సెస్ పాయింటే మేలు.

తీగలాగితే
నా రౌటర్లో ఆపరేషన్ మోడ్ అన్నది కనపడలేదు. కేబుల్ తీసి ల్యాన్ పోర్టులో పెట్టి చూశాను. ఇప్పుడు అంతా గందరగోళం. డెస్క్‌టాప్‌కి 192.168.0.12 వచ్చింది, నెట్ పోయింది. ఒక ఫోన్‌కి 192.168.1.9, దానికి నెట్ ఉంది. అదే వైఫైలో ఉన్న ఇంకో ఫోన్‌కి 0.14, నెట్ లేదు. వైఫై ఆపి మళ్లీ వేస్తే ఒక్కోసారి ఒక్కోటి.

చివరిబెంచీ
"రెండు చేసి ఆపితే ఘోరం" అన్నారాయన. మీరు ఒక్కటే చేసి ఆపారు.

లూప్‌బ్యాక్127
ఒకే ఒరలో రెండు కత్తులు. గోడ కూలింది గానీ అడ్రసులు పంచేవాళ్లు ఇద్దరూ ఇంకా పంచుతూనే ఉన్నారు. పరికరం "నాకో అడ్రస్ కావాలి" అని డిస్కవర్ కేక వేస్తుంది. ఇప్పుడు ఆ కేక ఇద్దరికీ వినిపిస్తుంది, ఇద్దరూ ఆఫర్ పంపుతారు. చాలా పరికరాలు ముందొచ్చినదాన్ని పుచ్చుకుంటాయి. బాక్సు నుంచి తీసుకున్నవాడికి గేట్‌వే 192.168.1.1, నెట్ ఉంటుంది. పై రౌటర్ నుంచి తీసుకున్నవాడికి గేట్‌వే 192.168.0.1. దాని వాన్ పోర్టు ఇప్పుడు ఖాళీ, కాబట్టి అటు పోయింది అటే.

కంగారేం లేదు, ఒకందుకు మంచిదే అయింది. డెస్క్‌టాప్‌కి 0.12 వచ్చింది కదా, దాని బ్రౌజర్లో 192.168.0.1 ఇప్పుడు తెరుచుకుంటుంది. అక్కడినుంచే మిగతా రెండు పనులు చేసెయ్యండి.

ఆర్‌జే45
వరస నేను చెప్తాను. మొదట ల్యాన్ ఐపీ 192.168.0.1 ని 192.168.1.2 చెయ్యండి, తర్వాత డీహెచ్‌సీపీ ఆపండి.

లూప్‌బ్యాక్127
ఆగండి, ఆ వరసే తిప్పలు తెస్తుంది. ఐపీ మార్చి సేవ్ చెయ్యగానే చాలా రౌటర్లు తమ డీహెచ్‌సీపీ రేంజిని కూడా 192.168.1 కి మార్చేసుకుంటాయి. అప్పుడు మధ్యలో కలిసిన పరికరాలకి 192.168.1 అడ్రసే వస్తుంది, గేట్‌వే మాత్రం 192.168.1.2 అని వస్తుంది. చూడ్డానికి అడ్రసులన్నీ ఒకేలా ఉంటాయి, కొన్నిటికి నెట్ ఉండదు. ఇప్పుడున్న గందరగోళంలో కనీసం 0 అని కనిపిస్తే తప్పని తెలుస్తోంది, అప్పుడు అదీ తెలియదు. అందుకే ముందు డీహెచ్‌సీపీ ఆపాలి, తర్వాత ఐపీ.

ఆర్‌జే45
ముందే ఆపేస్తే, రౌటర్ రీస్టార్ట్ అయ్యాక కంప్యూటర్‌కి అడ్రస్ రాక పేజీ తెరుచుకోదని నా బాధ. ఉత్త రౌటర్‌కి ఒక్క కంప్యూటర్ తగిలించి చేసేటప్పుడు నా వరసే సుఖం. ఇక్కడ డెస్క్‌టాప్ తీగ బాక్సులో ఉంది, రౌటర్ రీస్టార్ట్ అయినా లింకు తెగదు, 0.12 అలాగే ఉంటుంది. కాబట్టి ఈసారికి మీ మాటే సరి.

లూప్‌బ్యాక్127
సరే, తీగలాగితే గారూ, ఇలా చెయ్యండి.

డెస్క్‌టాప్‌లో 192.168.0.1 తెరిచి, ల్యాన్ లేదా డీహెచ్‌సీపీ పేజీలో డీహెచ్‌సీపీ సర్వర్ ఆపి సేవ్ చెయ్యండి. రౌటర్ తనంతట తాను రీస్టార్ట్ అయితే రెండు నిమిషాలు ఆగండి. ఈలోగా 0.12 పోయిందంటే నెట్‌వర్క్ కార్డుకి చేత్తో 192.168.0.20, మాస్క్ 255.255.255.0 ఇచ్చి మళ్లీ తెరవండి. తర్వాత ల్యాన్ ఐపీని 192.168.1.2 చేసి సేవ్ చెయ్యండి. పేజీ తిరుగుతూ ఉండిపోతుంది, భయపడకండి, అడ్రస్ మారింది కదా. చేత్తో ఇచ్చిన అడ్రస్ ఉంటే ఆటోమేటిక్‌కి మార్చండి. అప్పుడు ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, ఆ తర్వాత ఐపీకాన్ఫిగ్ /రెన్యూ. బాక్సు నుంచి 192.168.1 అడ్రస్ వస్తుంది, 192.168.1.2 లో రౌటర్ పేజీ తెరుచుకుంటుంది.

ఇంకొక్కటి మరవద్దు. బాక్సు డీహెచ్‌సీపీ రేంజి 192.168.1.2 నుంచి 254 దాకా ఉండే అవకాశం ఎక్కువ. అలా ఉంటే బాక్సు రేపెప్పుడో 1.2 ని ఏ ఫోన్‌కో ఇచ్చేస్తుంది, రౌటర్‌తో గొడవ. రేంజిని 192.168.1.100 నుంచి 199 దాకా కుదించండి. 2 నుంచి 99 దాకా మీ చేతిలో ఉంటాయి.

చివరిబెంచీ
వాన్ పోర్టు మీద ఒక ముక్క టేపు అంటించండి. కేబుల్ ఊడిపోతే ఎవరో ఒకరు వచ్చి "నీలం దాంట్లోదే కదా ఇది" అని మళ్లీ అందులోనే గుచ్చుతారు.

ఆర్‌జే45
చివరిబెంచీ నవ్వులాటకి అన్నా నిజంగా పనికొచ్చే మాట అది. ఇంకో హెచ్చరిక: బాక్సుకీ రౌటర్‌కీ మధ్య ఒక్క కేబులే ఉండాలి. "రెండు లాగితే స్పీడు డబుల్" అని ల్యాన్ నుంచి ల్యాన్‌కి రెండు పెడితే లూప్ అవుతుంది. బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ రెండు తీగల మీదా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అన్ని పోర్టుల లైట్లూ ఒక్కలా పిచ్చిగా మిణుకుతూ నెట్ మొత్తం చచ్చిపోతే కారణం అదే. ఒక కేబుల్ పీకితే సెకన్లలో బాగవుతుంది.

కొత్తకాపు
మధ్యలో దూరుతున్నా. నా ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టాను, వైఫై కూడా ఆన్‌లోనే ఉంది. కేబుల్ వైపు 192.168.1.21, వైఫై వైపు 192.168.1.34. ఇదీ ఇదే రోగమా?

పాతచింతకాయ
రోగమే కాదు. కేబుల్ కార్డుకో మ్యాక్ అడ్రస్ (కార్డుని గుర్తుపట్టే నంబరు), వైఫై కార్డుకో మ్యాక్ అడ్రస్. డీహెచ్‌సీపీ దృష్టిలో ఇద్దరు వేర్వేరు మనుషులు, అందుకే రెండు అడ్రసులు. మొదటి మూడు అంకెలూ, గేట్‌వే, డీహెచ్‌సీపీ సర్వర్ ఒకటే అయితే నిశ్చింతగా ఉండండి. రెండూ ఆన్‌లో ఉంటే విండోస్ మెట్రిక్ (దారికి పెట్టే ఖర్చు అంకె) తక్కువున్న దారి పట్టుకుంటుంది, మామూలుగా అది కేబులే. రూట్ ప్రింట్ కొడితే 0.0.0.0 వరసలు రెండు కనిపిస్తాయి, చివర మెట్రిక్ ఉంటుంది.

గుడ్లగూబ_64
169.254 తో మొదలైతే మాత్రం వేరే కథ. అది ఎవరూ ఇచ్చింది కాదు. డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాక పరికరం తనకు తానే పెట్టుకున్నది. కేబుల్, పోర్టు, లేదా రెండు వైపులా డీహెచ్‌సీపీ ఆపేసిన ఘనత, ఈ మూడు చూడాలి.

నిశాచరి
ట్రేసర్ట్‌లో మూడో వరస 100.72 అన్నారు మొదట్లో. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి నెట్ కంపెనీలు తమ లోపల వాడుకోవడానికి 2012 లో కేటాయించినవి. అంటే కంపెనీ దగ్గర మూడో నాట్ కూడా ఉండే అవకాశం ఎక్కువ. అలా ఉంటే ఇంట్లో రెండోది తీసేసినా, బయటినుంచి ఇంట్లో కెమెరాకో గేమ్ సర్వర్‌కో పోర్ట్ ఫార్వర్డ్ పెట్టడం ఐపీవీ4 (ఈ 192.168 రకం అడ్రసులు) మీద కుదరదు. తీగలాగితే గారికి ఇప్పుడు అవసరం లేదు గానీ, గేమ్‌లో "నాట్ టైప్ స్ట్రిక్ట్" అని ఇంకొకరు ఇక్కడికే వస్తారు.

తీగలాగితే
చేశాను. డీహెచ్‌సీపీ ఆపి, 192.168.1.2 పెట్టి, బాక్సు రేంజి 100 నుంచి 199 చేశాను. టేపు కూడా అంటించాను. డెస్క్‌టాప్ 1.101, ల్యాప్‌టాప్ 1.104, ఫోన్లు 1.105, 1.106. అన్నిటికీ డీహెచ్‌సీపీ సర్వర్ 192.168.1.1. అటూ ఇటూ పింగ్ పోతోంది. ప్రింటర్ మాత్రం ఇప్పుడు ల్యాప్‌టాప్‌కి కూడా కనిపించడం లేదు! ఇదివరకు దానికైనా కనిపించేది.

పాతచింతకాయ
ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ప్రింటర్ ఇంకా 192.168.0.50 మీదే కూర్చుని ఉంటుంది. 50 అని గుండ్రంగా ఉన్నప్పుడే అనుమానం వచ్చింది. 50 అంటే ఎవరో చేత్తో పెట్టి ఉండచ్చు. ప్రింటర్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ సెట్టింగులకి వెళ్లి టీసీపీ/ఐపీ "మాన్యువల్" ఉంటే "ఆటో" చెయ్యండి. ప్యానెల్ నుంచి నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ ప్రింటు తీస్తే కొత్త అడ్రస్, మ్యాక్ అడ్రస్ రెండూ కాగితం మీద వస్తాయి.

తర్వాత బాక్సు పేజీలో అడ్రస్ రిజర్వేషన్‌కి వెళ్లి ఆ మ్యాక్‌కి ఒక అడ్రస్ కట్టెయ్యండి. ప్రింటర్లో చేత్తో పెట్టడం కన్నా ఇదే మేలు. రేపు మళ్లీ వీధి మారినా ప్రింటర్ తనే మారుతుంది.

గుడ్లగూబ_64
కాన్ఫిగరేషన్ పేజీలో రెండు మ్యాక్‌లు ఉండచ్చు, కేబుల్‌ది ఒకటి, వైఫైది ఒకటి. మీరు వైఫై మీద వాడుతున్నారు గనక వైఫైదే ఇవ్వాలి. రిజర్వేషన్ పెట్టినా పనిచెయ్యడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి. కొన్ని బాక్సులు రిజర్వేషన్ అడ్రస్ రేంజి లోపలే ఉండాలంటాయి, 1.50 ఒప్పుకోకపోతే 1.150 ఇవ్వండి.

ఆర్‌జే45
ఫోన్లకి రిజర్వేషన్ పెట్టేవాళ్లకి: ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ కాకుండా తయారుచేసుకున్న మ్యాక్ చూపిస్తాయి. మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే అది తయారుచేసుకున్నదే. ఆ వైఫై సెట్టింగులో "ప్రైవేట్ అడ్రస్" లేదా "రాండమ్ మ్యాక్" ఆపాకే రిజర్వేషన్ పెట్టాలి.

తీగలాగితే
ప్రింటర్ మాన్యువల్‌లోనే ఉంది, నిజమే. ఆటో చేశాక 1.109 వచ్చింది, 1.50 రిజర్వ్ చేసి ఆపి వేశాను, 1.50 తీసుకుంది. దాని పేజీ బ్రౌజర్లో తెరుచుకుంటోంది. కానీ విండోస్ ఇంకా ఆఫ్‌లైన్ అంటోంది.

పాతచింతకాయ
విండోస్‌లో ఆ ప్రింటర్ ఇంకా 192.168.0.50 పోర్టుకే కట్టి ఉంటుంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్, యాడ్ పోర్ట్, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్, అందులో 192.168.1.50 ఇవ్వండి. డ్రైవర్ మాత్రం మూడోసారి తియ్యకండి.

తీగలాగితే
ప్రింటు పడింది! రెండింటినుంచీ. స్కాన్ కూడా.

నెట్‌పిచ్చి
అంతా బాగుంది గానీ, ఒకటే వీధి చేసెయ్యడం అందరికీ మంచిదని అనుకోకండి. చవక కెమెరాలు, స్మార్ట్ ప్లగ్గులు ఉన్న ఇంట్లో రెండు వీధులు ఉంచుకోవడమే భద్రం.

లూప్‌బ్యాక్127
ఒప్పుకుంటా, కానీ ఎవరు ఏ వీధిలో ఉండాలన్నది చాలామంది తిరగేసి పెడతారు. నాట్ వెనక నాట్ ఉన్నప్పుడు లోపలివాళ్లు బయటి వీధిని చూడగలరు, బయటివాళ్లు లోపలికి చూడలేరు. పైన పింగ్ ఒకవైపే పోయింది గుర్తుందా? కాబట్టి కెమెరాలు బాక్సు వైఫైలో, కంప్యూటర్లు రెండో రౌటర్ వెనక ఉండాలి. "కెమెరాలకి వేరే రౌటర్ పెట్టాను" అని కెమెరాల్ని లోపల పెట్టి కంప్యూటర్లని బయట ఉంచితే, ఆ కెమెరా మీ ల్యాప్‌టాప్‌ని ఎప్పుడైనా పలకరించగలదు. మీరు కెమెరాని పలకరించలేరు.

నెట్‌పిచ్చి
ఈ థ్రెడ్‌లో మూడోసారి నేర్చుకుంటున్నా. నా ఇంట్లో తిరగేసే ఉంది.

కొత్తకాపు
అడ్రసులు అన్నీ 192.168.1 అయినా ఫోన్ నుంచి టీవీకి వీడియో పంపడం కుదరట్లేదు. టీవీ కేబుల్ మీద, ఫోన్ వైఫై మీద.

గుడ్లగూబ_64
ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. గెస్ట్ నెట్‌వర్క్ పనే మిగతావాళ్లని కనపడనివ్వకపోవడం. ఒక్కోసారి మామూలు వైఫైలో కూడా "ఏపీ ఐసోలేషన్" లేదా "క్లయింట్ ఐసోలేషన్" అని టిక్ పెట్టి ఉంటుంది, తియ్యండి. ఫోన్లో వీపీఎన్ ఉంటే అదీ ఆపి చూడండి. అవేవీ కాకపోతే మల్టీకాస్ట్ (ఒక గుంపుకి వేసే కేక). టీవీని వెతకడానికి ఫోన్ 224.0.0.251 కి గానీ 239.255.255.250 కి గానీ కేక వేస్తుంది. మొదటిది ఎండీఎన్ఎస్, పోర్టు 5353. రెండోది ఎస్ఎస్‌డీపీ, పోర్టు 1900. రౌటర్లో ఐజీఎంపీ స్నూపింగ్ (ఆ కేక ఎవరికి పంపాలో చూసే ఏర్పాటు) సరిగ్గా లేకపోతే ఆ కేక వైఫై నుంచి తీగ మీదికి దాటదు. దాన్ని ఆపి ఒకసారి, వేసి ఒకసారి చూడండి.

కొత్తకాపు
గెస్టే. సిగ్గుగా ఉంది.

చివరిబెంచీ
సొంతింట్లో అతిథి.

నిశాచరి
తీగలాగితే గారు, ఇంకొకటి చూసుకోండి. డీహెచ్‌సీపీ ఆపడం అంటే ఐపీవీ4 వరకే. రౌటర్లో ఐపీవీ6 (కొత్త రకం పొడుగు అడ్రసులు) పేజీ వేరేగా ఉంటుంది, అందులో రౌటర్ అడ్వర్టైజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే పరికరాలకి తన డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ చెప్పే సర్వర్) అడ్రస్ పంచుతూనే ఉంటుంది. ఐపీకాన్ఫిగ్ /ఆల్ లో డీఎన్ఎస్ సర్వర్ల వరసలో ఎఫ్‌ఈ80 తో మొదలయ్యేది ఒకటి కనిపించి, పేజీలు మొదట్లో నాలుగైదు సెకన్లు ఆగి తెరుచుకుంటుంటే అనుమానించండి. పై రౌటర్లో ఐపీవీ6 పూర్తిగా ఆపెయ్యచ్చు. బాక్సులో మాత్రం ముట్టుకోకండి.

తీగలాగితే
ఉంది, ఆపాను. నిన్నట్నుంచి ఇంకో చిన్న తేడా. రాత్రి 12 నుంచి ఉదయం 5 దాకా వైఫై ఆగేలా పై రౌటర్లో షెడ్యూల్ పెట్టుకున్నాను, ఏడాదిగా బాగా పనిచేసింది. నిన్న మధ్యాహ్నం ఆగిపోయి సాయంత్రం వచ్చింది.

పాతచింతకాయ
దాని గడియారం పోయింది. ఇదివరకు వాన్ వైపు నుంచి నెట్‌కి వెళ్లి టైము తెచ్చుకునేది, ఇప్పుడు వాన్ ఖాళీ. మీ ఫోన్లకి నెట్ వస్తుంది, రౌటర్‌కి మాత్రం సొంతంగా నెట్‌కి దారి లేదు. ల్యాన్ పేజీలో గేట్‌వే, డీఎన్ఎస్ గళ్లు ఉంటే రెండింట్లోనూ 192.168.1.1 రాయండి. టైము, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ రెండూ తిరిగి పనిచేస్తాయి. ఆ గళ్లు లేని మోడల్ అయితే టైమ్ సెట్టింగుల్లో ఎన్‌టీపీ సర్వర్‌గా (టైము చెప్పే సర్వర్) బాక్సు అడ్రస్ ఇచ్చి చూడండి, బాక్సు ఆ పని చేసేదైతే అందుకుంటుంది. అదీ కుదరకపోతే టైము చేత్తో పెట్టాలి. కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ పెట్టాలి, కాబట్టి అప్పుడు షెడ్యూల్ తీసెయ్యడమే నయం.

తీగలాగితే
గేట్‌వే గడి ఉంది, డీఎన్ఎస్ గడి లేదు. గేట్‌వే రాశాను, ఎన్‌టీపీ సర్వర్ దగ్గర పేరు బదులు అంకెల అడ్రస్ పెట్టాను. టైము సరైంది.

చివరిబెంచీ
రాత్రి 12 కి మళ్లీ ఈ థ్రెడ్‌లో కనిపించకపోతే పనిచేసిందని అనుకుంటాం.